టికెట్టు తగ్గింది, మెట్టు తగ్గలేదు

తెల్లవారుజామున ఐదింటికి ఊరి మధ్యలో వేపచెట్టు కింద ఆగి ఉన్న నైట్ హాల్ట్ బస్సును చూస్తే ఆర్టీసీ ఎందుకుందో అర్థమైపోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఆఖరి ట్రిప్పుగా వచ్చిన బస్సది. డ్రైవరూ కండక్టరూ అందులోనే దోమతెర కట్టుకుని నడుం వాల్చారు. ఇప్పుడు అదే బస్సు మొదటి ట్రిప్పుగా పట్నానికి బయల్దేరుతుంది. వెనక పాలక్యాన్లు, ఆకుకూరల మూటలు, తడిగుడ్డ కప్పిన పూలబుట్టలు. ముందు సీట్లలో డయాలసిస్‌కు వెళ్ళే పెద్దాయన, ఆయన పక్కన టిఫిన్ క్యారియర్ పట్టుకున్న కోడలు. కాలేజీ పిల్లలు ఇంకా నిద్రమత్తులోనే ఉన్నారు. ఈ బస్సు రాకపోతే పూలు వాడిపోతాయి, డయాలసిస్ తప్పిపోతుంది.

డిపో లెక్కల్లో ఇవేవీ ఉండవు. అక్కడ ఈ ట్రిప్పు పేరు ఒక అంకె. కిలోమీటరుకు ఎంత వచ్చింది? ఆర్టీసీ వాళ్ళ మాటలో చెప్పాలంటే ఈపీకే ఎంత? పట్నం నుంచి రాత్రిపూట ఖాళీగా వచ్చే బస్సు కాబట్టి అది ఎప్పుడూ తక్కువే. కొన్నాళ్ళకు ఒకరోజు బస్సు రాదు, అడిగితే రిపేరంటారు. మరో వారం డ్రైవర్ లేడంటారు. తర్వాత ఆ నైట్ హాల్ట్ ఎత్తేశారన్న సంగతి ఊరివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఇలా పోయిన సర్వీసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ప్రజారవాణా మీద చర్చ వచ్చినప్పుడల్లా రెండు మాటలు వేర్వేరు గదుల్లో వినిపిస్తాయి. పర్యావరణానికి మేలు చేసే ప్రయాణం అనగానే ఎలక్ట్రిక్ బస్సులు, ఛార్జింగ్ స్టేషన్లు గుర్తొస్తాయి. అందరికీ అందే ప్రయాణం అంటే ర్యాంపులు, పాసులు, రాయితీలు. మొదటిది ఇంజనీర్ల పనిగా, రెండోది సంక్షేమ శాఖ పనిగా సాగిపోతుంటుంది. నిజానికి రెండింటినీ నిర్ణయించేది ఒకే లెక్కల పుస్తకం. ప్రభుత్వ రవాణా సంస్థ దేన్ని కొలుస్తుంది, దేనికి డబ్బిస్తుంది అన్నదాన్ని బట్టే బస్సు ఎంత శుభ్రంగా నడుస్తుందో, ఎవరు ఎక్కగలుగుతారో తేలుతుంది.

ఈ తికమక పుట్టింది చట్టంలోనే. ఆర్టీసీలకు మూలమైన 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షన్‌లో, సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, సమన్వయంతో బస్సులు నడపడం సంస్థ బాధ్యత అని రాశారు. 22వ సెక్షన్‌కు వచ్చేసరికి సంస్థ వ్యాపార సూత్రాల ప్రకారం నడవాలన్నారు. 'చాలినంతగా' అన్న మాటకు వేపచెట్టు కింది బస్సు కావాలి, వ్యాపార సూత్రాలకు అక్కర్లేదు. డెబ్బై ఏళ్ళకు పైగా మన ఆర్టీసీలు ఈ రెండు సెక్షన్ల మధ్య నలుగుతున్నాయి. నష్టాలు పెరిగితే 22వ సెక్షన్, ఎన్నికలు దగ్గరపడితే 18వ సెక్షన్ గుర్తొస్తుంటాయి.

సీట్లు నిండితేనే పచ్చదనం

బస్సు పర్యావరణానికి మంచిదని అందరూ అంటారు. ఎంత మంచిదో కాగితం మీద వేసి చూస్తే కాస్త ఇబ్బంది పెట్టే సంగతి బయటపడుతుంది. లీటరు డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 540 గ్రాములు. బస్సులో 45 మంది ఉంటే తలకు 12 గ్రాములు పడుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారులో ఒక్కడే కూర్చుని వెళ్తే 150 గ్రాములు దాటుతుంది. లీటరుకు 50 ఇచ్చే బైకు మీద ఒక్కడు వెళ్తే సుమారు 46. అంటే నిండిన బస్సుకు పోటీ లేదు. అదే బస్సులో పదిమందే ఉంటే? తలకు 54 గ్రాములు. ఒంటరి బైకే నయమన్నమాట.

ఈ లెక్క చూపించి ఖాళీ ట్రిప్పులు తీసేయమనేవాళ్ళుంటారు. పైపైన చూస్తే సబబుగానే ఉంటుంది. కానీ బస్సు ఉందా లేదా అని ఎదురుచూసి విసిగిన మనిషి ఒకరోజు ఫైనాన్స్‌లో బైకు తీసుకుంటాడు. ఒకసారి ఈఎంఐ మొదలయ్యాక అతను రాత్రి తొమ్మిదింటి ఖాళీ బస్సునే కాదు, పొద్దున తొమ్మిదింటి నిండు బస్సును కూడా వదిలేస్తాడు. రాత్రి తిరిగొచ్చే బస్సుందన్న ధీమాతోనే చాలామంది పొద్దున బస్సెక్కుతారు. ఆఖరి ట్రిప్పు తీసేస్తే అది మొదటి ట్రిప్పును కూడా తినేస్తుంది. విడివిడిగా ఒక్కో ట్రిప్పుకు ఈపీకే చూసే పద్ధతికి ఈ సంబంధం కనబడదు. రానూపోనూ మొత్తం ప్రయాణాన్ని ఒక లెక్కగా చూస్తేనే కనబడుతుంది.

బస్సు నిండాలంటే ముందు అది రావాలి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఎప్పుడో పెట్టిన కొలమానం ప్రకారం నగరంలో వెయ్యి మందికి 0.6 బస్సు ఉంటే మంచి సేవ కింద లెక్క. కోటి జనాభా ఉన్న హైదరాబాద్‌కు ఆ లెక్కన ఆరు వేల బస్సులు కావాలి. ఆర్టీసీ నగరంలో తిప్పుతున్నవి సుమారు అందులో సగం. కోఠిలో 218 కోసమో, సికింద్రాబాద్‌లో 10హెచ్ కోసమో నిలబడ్డవాళ్ళకు ఈ గణాంకం కొత్తగా చెప్పక్కర్లేదు. వచ్చిన బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండి ఉంటుంది. కాసేపటికి అదే నంబరువి మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ముందుది కిక్కిరిసి, మూడోది ఖాళీగా. బస్సుల కొరత ఒక సమస్య, ఉన్నవాటి మధ్య ఎడం పాటించకపోవడం ఇంకో సమస్య. రెండోదాన్ని సరిచేయడానికి కొత్త బస్సులు కొనక్కర్లేదు, జీపీఎస్ చూసి బస్సుల మధ్య వ్యవధిని సరిదిద్దే కంట్రోలర్లుంటే చాలు.

పొగ ఎక్కడికి పోయింది?

ఇక ఎలక్ట్రిక్ బస్సులు. హైదరాబాద్‌లో 2019లో విమానాశ్రయం రూట్లలో 40 బస్సులతో మొదలైంది. తిరుపతి నుంచి తిరుమలకు 2022లో ఏపీఎస్‌ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కించింది. ఆ రూటు ఎంపిక బాగుంది. ఘాట్‌రోడ్డులో దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి కొంత కరెంటు తిరిగిస్తుంది. డీజిల్ బస్సయితే ఆ శక్తంతా బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా పోయేది. శేషాచలం అడవిలో పొగ తగ్గడం, మోత తగ్గడం అదనం.

నగరంలోనూ సిగ్నల్ దగ్గర బస్సు వెనక బైకు మీద ఆగినవాడి ఊపిరితిత్తులకు ఇది పెద్ద మేలే. కానీ కార్బన్ లెక్క మాత్రం ప్రకటనల్లో చెప్పినంత సూటిగా లేదు. పెద్ద ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్‌కు కాస్త పైనే తాగుతుంది. మన దేశంలో యూనిట్ కరెంటు తయారీకి సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. అంటే ఎలక్ట్రిక్ బస్సు ఖాతాలో కిలోమీటరుకు 700 నుంచి 900 గ్రాములు. డీజిల్ ఏసీ బస్సు ట్రాఫిక్‌లో లీటరుకు మూడు కిలోమీటర్లే ఇస్తే దానిదీ 900. దగ్గరదగ్గర సమానం. డీజిల్‌ను తవ్వి, శుద్ధిచేసి, ట్యాంకర్లో తెచ్చే ఖర్చు కలిపితే ఎలక్ట్రిక్ కొంచెం ముందుంటుంది, అంతే. పొగ అమీర్‌పేట నుంచి రామగుండానికో, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కో మారిందన్నమాట.

అందుకని ఎలక్ట్రిక్ బస్సులు వద్దని కాదు. డీజిల్ బస్సు కొన్ననాటి నుంచి స్క్రాప్‌కు వెళ్ళేదాకా అంతే పొగ వదులుతుంది. ఎలక్ట్రిక్ బస్సు మాత్రం గ్రిడ్డులో సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ తనంతట తానే శుభ్రపడుతుంది. అయితే అది ఎప్పుడు ఛార్జవుతుందన్నది ముఖ్యం. బస్సులు రాత్రి డిపోకు చేరాక ఛార్జింగుకు పెట్టడం అలవాటు. రాత్రి సూర్యుడుండడు, బొగ్గే ఉంటుంది. కర్నూలు, అనంతపురం సోలార్ పార్కుల్లో కరెంటు పోటెత్తేది పగలు పదకొండు నుంచి మూడు మధ్య. నగర బస్సులకు అదే కాస్త రద్దీ తగ్గే సమయం. మధ్యాహ్నం బస్సులను వంతులవారీగా డిపోకు రప్పించి ఛార్జ్ చేస్తే అవే బస్సులు, అవే బ్యాటరీలు ఎక్కువ శుభ్రంగా నడుస్తాయి. దానికి విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) పగటి ఛార్జింగు రేటు తగ్గించాలి, ఆర్టీసీ డ్యూటీ చార్టులు మార్చాలి. రెండూ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నవే.

ఎలక్ట్రిక్ బస్సుల వెనక ఇంకో మార్పు చడీచప్పుడు లేకుండా వచ్చింది. ఈ బస్సుల్లో ఎక్కువ భాగం ఆర్టీసీవి కావు. కంపెనీ బస్సు పెడుతుంది, డ్రైవర్ను పెడుతుంది, మరమ్మతులు చూసుకుంటుంది. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. టికెట్ల డబ్బు ఆర్టీసీకే. గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్ అనే ఈ పద్ధతి పాత అద్దె బస్సుకు పెద్దన్న లాంటిది. దీనిలో ఒక సుగుణముంది. ప్రయాణికుల కోసం ప్రైవేటు బస్సులు రోడ్డు మీద పోటీపడి పరుగెత్తవు, ఎందుకంటే బస్సు నిండినా నిండకపోయినా కంపెనీకి వచ్చేది అంతే. దాని దుర్గుణమూ అందులోనే ఉంది. స్టాపులో కర్రతో నిలబడ్డ ముసలాయన ఎక్కకపోతే కంపెనీకి పోయేదేమీ లేదు. ఆయన కోసం ఆగితే రెండు నిమిషాలు పోతాయి, ఆ రోజు పూర్తిచేయాల్సిన కిలోమీటర్లు వెనకబడతాయి. ఆగమని చెప్పే షరతు కాంట్రాక్టులో లేకపోతే డ్రైవరు మంచితనం మీద ఆధారపడటమే మిగులుతుంది.

జీరో టికెట్

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే దారి పట్టారు. వీటికి ముందే ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక ఇలాంటివి అమలు చేశాయి. తెలంగాణలో 2025 జూలై నాటికి, ఉచిత ప్రయాణానికి కొట్టే జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని లెక్కగట్టారు. భాగిస్తే టికెట్టుకు సగటున 33 రూపాయలు. పక్క వీధికి సరదాగా వెళ్ళొచ్చే ప్రయాణానికి పడే ఛార్జీ కాదది. ఊరి నుంచి మండలకేంద్రానికో, శివారు నుంచి నగరంలో పనిచేసే ఇంటికో పడే ఛార్జీ. రోజుకు రెండుసార్లు తిరిగితే నెలకు పదిహేను వందల పైన మిగిలే డబ్బు, ఇళ్ళల్లో పనిచేసే మనిషికి ఒక ఇంటి జీతమంత.

ఈ పథకాన్ని సంక్షేమం అని పొగిడేవాళ్ళు, దుబారా అని తిట్టేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. పర్యావరణ కోణం నుంచి చూసేవాళ్ళు తక్కువ. పైన వేసిన లెక్క ప్రకారం బస్సు పచ్చగా ఉండటానికి సీట్లు నిండటమే మొదటి షరతు. బ్యాటరీలు లేకుండా, కొత్త టెక్నాలజీ లేకుండా, ఉన్న డీజిల్ బస్సులకే తలసరి కాలుష్యాన్ని రాత్రికి రాత్రి తగ్గించిన పథకమిది. అయితే ఒక మెలిక ఉంది. ఇంతకుముందు నడిచి వెళ్ళిన మహిళ ఇప్పుడు బస్సెక్కితే ఆమెకు మేలు, గాలికి పెద్ద తేడా లేదు. బైకు మీద వెళ్ళేవాడు బస్సెక్కితే గాలికి మేలు. బస్సులు పెంచకుండా ఉచితం చేస్తే కిక్కిరిసిన బస్సును చూసి ఆ బైకు మనిషి ఇంకాస్త దూరం జరుగుతాడు. ఉచిత టికెట్టుతో పాటు అదనపు బస్సులు అదే రోజు రోడ్డెక్కి ఉంటే రెండు ప్రయోజనాలూ దక్కేవి. బస్సులు ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి. సీట్ల కోసం జుట్టు పట్టుకున్న వీడియోలు మాత్రం వెంటనే వచ్చాయి. వాటిని చూసి ఆడవాళ్ళను వెక్కిరించడం తేలిక. అరవై మంది పట్టే బస్సులో వంద మందిని కుక్కింది వాళ్ళు కాదు.

అసలు సంగతి డబ్బు చెల్లించే పద్ధతిలో ఉంది. ప్రభుత్వం ఆర్టీసీకి జీరో టికెట్ల విలువను బట్టి డబ్బు తిరిగిస్తుంది. చూడటానికి న్యాయంగా ఉన్న ఈ సూత్రం బస్సును ఎటు లాగుతుందో గమనించాలి. ఒక ట్రిప్పులో ఎన్ని టికెట్లు కొడితే అంత రాబడి. కాబట్టి బస్సు నిండే రూటులోనే ఇంకో బస్సు వేయడం లాభం. వేపచెట్టు కింద ఏడుగురు ఎక్కే బస్సు అప్పుడూ నష్టమే, ఇప్పుడూ నష్టమే. ఉచిత పథకం బస్సున్న ఊరికే ఉచితం, బస్సు లేని ఊళ్ళో ఆధార్ కార్డు చూపించడానికి కండక్టరే ఉండడు. ఆ ఊరి మహిళ ఇప్పటికీ షేర్ ఆటోకు ఇరవయ్యో ముప్పయ్యో ఇచ్చి మెయిన్ రోడ్డు దాకా వచ్చి, అక్కడి నుంచి ఉచిత బస్సెక్కుతోంది. అందరికన్నా ఎక్కువ దూరంలో ఉన్నవాళ్ళే ఇంకా డబ్బు కడుతున్నారు.

టికెట్టుకు కాకుండా సేవకు డబ్బివ్వడం దీనికి విరుగుడు. ఫలానా మండలంలో ప్రతి ఊరికీ రోజుకు కనీసం ఇన్ని ట్రిప్పులు, అందులో ఒకటి ఉదయం ఏడు లోపు, ఒకటి రాత్రి ఏడు తర్వాత అని ప్రభుత్వం ఆర్టీసీతో రాసుకోవచ్చు. ఆ ట్రిప్పులు నడిచినందుకు కిలోమీటరు లెక్కన చెల్లించవచ్చు. ప్రైవేటు కంపెనీ ఎలక్ట్రిక్ బస్సులకు కిలోమీటరు లెక్కన హామీ ఇవ్వగలిగిన వ్యవస్థ, సొంత పల్లెవెలుగుకు అదే హామీ ఎందుకు ఇవ్వలేదో అర్థం కాదు. ఏపీలో ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీతాల భారం నేరుగా ఖజానాదే అయినప్పుడు, ఆ ఉద్యోగి ఏ రూటులో బస్సు నడిపితే ప్రజలకు ఎక్కువ ఉపయోగమన్న లెక్క వేసుకోవడానికి అక్కడ అడ్డంకి ఇంకా తక్కువ.

ఆటోవాళ్ళ గోడు కూడా ఇక్కడే ముడిపడి ఉంది. ఉచిత బస్సు వచ్చాక గిరాకీ పడిపోయిందని రెండు రాష్ట్రాల్లోనూ రోడ్డెక్కారు. ఏపీ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఒక్కొక్కరికి 15,000 రూపాయల సాయం ఇచ్చింది. సాయం మంచిదే. కానీ ఆ డబ్బును నష్టపరిహారంలా కాకుండా, బస్సు వెళ్ళని ఊళ్ళ నుంచి బస్టాపుకు నిర్ణీత వేళల్లో తిప్పినందుకు చెల్లించే బాడుగలా ఇచ్చి ఉంటే ఆటోకు పని దొరికేది, ఊరికి దారి దొరికేది.

మొదటి మెట్టు

ఇప్పుడు బస్సు తలుపు దగ్గరికి వద్దాం. పల్లెవెలుగు బస్సు ఒకరకంగా లారీ ఛాసిస్ మీద కట్టిన గది. లోపలి ఫ్లోరు నేల నుంచి దాదాపు మీటరు ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ ఆ బస్సెక్కే తీరు ఎప్పుడైనా నిలబడి చూశారా? ముందు చేతిలోని సంచి మెట్టు మీద పెడుతుంది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుంటుంది. కుడికాలు ఎత్తి మొదటి మెట్టు మీద ఆనిస్తుంది, ఒళ్ళు పైకి లేవదు. వెనకున్నవాళ్ళెవరో నడుము దగ్గర ఆసరా ఇచ్చి తోస్తారు. కండక్టరు "అమ్మా తొందరగా ఎక్కు" అంటూనే సంచి లోపలికి లాగుతాడు. ఆమె ఇంకా కడ్డీ వదలకముందే "రైట్ రైట్" అని వినబడుతుంది, బస్సు కదులుతుంది. ఆమె టికెట్టు సున్నా. మెట్టు మాత్రం ఎప్పటిదే.

చక్రాల కుర్చీ మనిషికి ఈ ఆసరా కూడా చాలదు. ఇద్దరు మోసుకుని ఎక్కించాలి, కుర్చీని మడిచి టాపు మీదో డ్రైవరు పక్కనో పెట్టాలి. దివ్యాంగులకు ఛార్జీల్లో రాయితీ పాసులు ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. ఎక్కలేని బస్సుకు రాయితీ ఇవ్వడం అంటే, ఖర్చు లేకుండా పేరు తెచ్చుకోవడం.

చట్టం విషయంలో అస్పష్టత లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులు, అన్ని రకాల రవాణా వాహనాలు, రోడ్లు మూడింటినీ ప్రస్తావించింది. సాధ్యమైనచోట పాత వాహనాలనూ మార్చాలంది. నగర బస్సుల ప్రమాణాల్లో లో-ఫ్లోర్ అంటే నేల నుంచి 400 మిల్లీమీటర్లు, సెమీ లో-ఫ్లోర్ అంటే 650, మామూలు బస్సు 900 అని ఉంది. 400 ఎత్తులో ఉంటే ఒక పలక వాల్చి కుర్చీని లోపలికి తోసేయొచ్చు. 900 ఎత్తుకు ర్యాంపు వేస్తే అది జారుడుబల్ల అవుతుంది, లిఫ్టు తప్ప దారి లేదు. ఢిల్లీలో 2019 నుంచి ఎత్తు బస్సులకు హైడ్రాలిక్ లిఫ్టులు పెట్టి వెయ్యి దాకా తెచ్చారు. చెన్నైలో ఎత్తు బస్సుల కొనుగోలుపై దివ్యాంగుల హక్కుల కార్యకర్తలు మద్రాసు హైకోర్టుకెక్కి పోరాడాక లో-ఫ్లోర్ బస్సులు మళ్ళీ రోడ్డు మీదికి వచ్చాయి. రెండుచోట్లా సంస్థల వాదన ఒకటే, లో-ఫ్లోర్ బస్సు ఖరీదెక్కువ, మన రోడ్ల గుంతలకూ వాననీళ్ళకూ ఆగదు అని. గుంతల మాట నిజమే. కానీ గుంత ఉందని బస్సు ఎత్తు పెంచుకుంటూ పోతే గుంత పూడ్చాల్సిన శాఖకు తొందరేముంటుంది?

ఈ వ్యవహారంలో హైదరాబాద్‌కు ఒక ప్రత్యేకత ఉంది. దివ్యాంగులకు అందుబాటు సౌకర్యాల కోసం వేసిన రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది ఇక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రం. అందుబాటు ప్రమాణాలను 'వీలైతే పాటించండి' అన్న సూచనల్లా వదిలేయడం చెల్లదని, తప్పక పాటించాల్సిన కనీస నియమాలు చేయాలని కోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ అధ్యయనం చేసిన ఊళ్ళోనే బస్సు మెట్టు ఎత్తు తగ్గకపోవడం చిన్న విడ్డూరం కాదు.

ఎక్కడం కుదరని వాళ్ళంటే కుర్చీలో ఉన్నవాళ్ళే అనుకోవడమూ పొరపాటే. చూపులేనివారికి బస్సు రావడం తెలుస్తుంది, ఏ నంబరో తెలియదు. పక్కవాళ్ళను అడగాలి, పక్కన ఎవరూ లేకపోతే వచ్చిన ప్రతి బస్సునూ కేకేసి అడగాలి. ఐఐటీ ఢిల్లీ వాళ్ళు తయారుచేసిన ఒక పరికరంలో బటన్ నొక్కితే బస్సు నంబరు పైకి వినిపిస్తుంది, ఆ శబ్దం పట్టుకుని తలుపు దాకా వెళ్ళొచ్చు. ఢిల్లీ, ముంబై బస్సుల్లో ప్రయత్నించి చూశారు. అంత దూరం వెళ్ళకపోయినా, స్టాపులో ఆగగానే స్పీకర్లో నంబరు, ఊరు తెలుగులో చెబితే చదవడం రాని పెద్దవాళ్ళకూ, ఊరికి కొత్తవాళ్ళకూ, వానలో అద్దాలు మసకబారినప్పుడు అందరికీ పనికొస్తుంది.

బస్సు ఆగే చోటు

లో-ఫ్లోర్ బస్సు తెచ్చినా కథ అక్కడితో అయిపోదు. ర్యాంపు పనిచేయాలంటే బస్సు ఫుట్‌పాత్ అంచుకు ఆనుకుని ఆగాలి. మన నగరాల్లో బస్సు ఆగడానికి రోడ్డు పక్కన వదిలిన బస్ బేలో ముందు ఆటోలు ఆగుతాయి, వాటి పక్కన తోపుడుబండి ఉంటుంది, బస్సు మూడో వరుసలో రోడ్డు మధ్య ఆగుతుంది. జనం బైకుల మధ్య నుంచి పరుగెత్తి ఎక్కుతారు. ఆ ర్యాంపు తారురోడ్డు మీదికి వాలితే నిట్రంగా ఉంటుంది, కుర్చీ ఎక్కదు. అందుకే ర్యాంపు ఉన్న బస్సుల్లోనూ దాన్ని ఎవరూ తీయరు, తీయక తుప్పుపట్టి, ఓ రోజు నిజంగా తీయాల్సి వస్తే రాదు. ఈ పాపంలో ఆర్టీసీ వాటా కొంచెమే. ఫుట్‌పాత్ మున్సిపాలిటీది, రోడ్డు కొన్నిచోట్ల ఆర్ అండ్ బీది, బే ఖాళీ చేయించాల్సింది ట్రాఫిక్ పోలీసులు, ఆటో పర్మిట్లు రవాణా శాఖవి.

వీళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టడానికే హైదరాబాద్‌కు 2008లోనే చట్టబద్ధంగా ఏకీకృత మెట్రోపాలిటన్ రవాణా సంస్థను ఏర్పాటు చేశారు. దేశంలో మొదటివాటిలో ఒకటది. కానీ దాని చేతిలో బడ్జెట్టు పెద్దగా లేదు, ఎవరినీ ఆదేశించే బలమూ లేదు. ఫలితం మెట్రో మెట్లు దిగిన చోట కనబడుతుంది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003లో వచ్చింది, మెట్రో 2017లో వచ్చింది, బస్సులు అంతకుముందు నుంచే ఉన్నాయి. మెట్రో స్టేషన్లో లిఫ్టుంది, స్పర్శతో దారి తెలిపే పసుపు పలకలున్నాయి. అవి గేటు దాకానే. గేటు దాటాక ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన తెరిచిన మ్యాన్‌హోల్, బస్టాపు ఎటు అంటే ఒక్కొక్కరు ఒక్కో వైపు చూపిస్తారు.

సమన్వయం మన నేలకు కొత్త సంగతేమీ కాదు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సు సర్వీసు మొదలైంది. రైలూ బస్సూ ఒకే యాజమాన్యం కింద నడిచిన రోజులవి. రైలు వచ్చే వేళకు బస్సు ఉండాలన్న ఆలోచనకు అప్పుడు కమిటీ అక్కర్లేదు, రెండూ ఒకే ఆఫీసువి కాబట్టి.

ఇప్పుడు మళ్ళీ ఒక ఆఫీసు గట్టిగా చెప్పగల సందర్భం వచ్చింది. 2025 మేలో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఏపీ నగరాలకు పీఎం ఈ-బస్ సేవ కింద మరికొన్ని రావాల్సి ఉన్నాయి. ఈ బస్సులకు కంపెనీలతో కుదిరే ఒప్పందాలు మామూలుగా పది, పన్నెండేళ్ళవి. బస్సు మధ్యలో ఆగిపోతే కోత, ఆలస్యమైతే కోత అని అందులో షరతులుంటాయి. ర్యాంపు తెరుచుకోకపోతే ఆ ట్రిప్పు కిలోమీటర్లకు డబ్బు కట్టం, బే వదిలేసి రోడ్డు మధ్య ఆపితే కోత వేస్తాం, స్పీకర్ మూగబోతే బస్సు డిపో దాటడానికి వీల్లేదు అని మరో మూడు లైన్లు చేర్చడానికి కొత్త చట్టం కావాల్సిన పని లేదు. టెండరు కాగితంలో ఫ్లోరు ఎత్తు ఎదురుగా 400 అని రాస్తారా, 900 అని రాస్తారా అన్నది ఒక్క అంకె తేడా. ఈ రోజు మొదటి తరగతిలో చేరిన పిల్ల డిగ్రీ చదువుకు వచ్చేదాకా ఆ అంకె ఎత్తులోనే బస్సులు తిరుగుతాయి.